బతికున్న సేటుకు బంతిపూల దండ

సంగారెడ్డి బజారు ఒక పూటంతా నావల్ల మూతపడింది. కర్ఫ్యూ లేదు, పార్టీల బంద్ లేదు, వాన కూడా లేదు. బజారులో ఒక పెద్దమనిషి పోయాడని దుకాణదారులందరూ షట్టర్లు దించేశారు. నిజానికి ఆ పెద్దమనిషి పోలేదు. ఆ సమయానికి ఆయన జహీరాబాద్ నుంచి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటున్నాడు. ఆయన్ని పోగొట్టింది నేను. కత్తితో కాదు, చదువుతో. ఎలాగో చెబుతాను వినండి. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి, అప్పటి నన్ను నేను మీకంటే ఎక్కువే తిట్టుకున్నాను.

తొంభైల మొదట్లో సంగతి. మాది కొండాపూర్ దగ్గర పల్లె. హైదరాబాద్ వెళ్లి మనస్తత్వశాస్త్రంలో ఎమ్మే చేసి వచ్చాను. నేనేం చదివానో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. అడిగినవాళ్లకు మా అమ్మ ‘తలకాయ డాక్టరు’ అని చెప్పేది. నాకు ఆ మాట నచ్చి దిద్దకుండా ఊరుకునేవాణ్ని. సంగారెడ్డిలో కోర్టుకు వెళ్లే దారిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మీద గది కిరాయికి తీసుకుని ‘మనోవిశ్లేషణ కేంద్రం’ అని బోర్డు పెట్టాను. బోర్డు చూసి మొట్టమొదట మెట్లెక్కి వచ్చిన ఆసామి తన బర్రె తప్పిపోయిందని, అది ఏ దిక్కున ఉందో చెప్పమని అడిగాడు. బర్రె పోయినప్పుడు మీ మనసుకు ఏమనిపించింది అని నేనడిగాను. ఆయన నన్ను కాసేపు జాలిగా చూసి దిగిపోయాడు.

నా విద్య అంతా వియన్నాలో ఉండిన ఒక గడ్డం డాక్టరు గారిది. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు మెత్తటి సోఫా మీద పడుకుని చిన్ననాటి సంగతులు చెప్పుకునేవారట. నాకు సోఫా కొనే స్తోమత లేక నవారు మంచం వేశాను. కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే సాయిలు అనే అతను, నిద్రపట్టడం లేదని వచ్చి ఆ మంచం మీద పడుకున్నాడు. మీ బాల్యం గురించి చెప్పండి అని నేను అనేలోగా గుర్రు పెట్టాడు. సాయంత్రం లేచి, నా చెయ్యి పట్టుకుని, ఇంత మంచి వైద్యం ఎక్కడా చూడలేదన్నాడు. వాళ్ల బస్తీలో పగలంతా పిల్లల గోల, గిన్నెల మోత, పక్క గదిలో బిహారు కుర్రాళ్ల రేడియో. ఆ తర్వాత తన షిఫ్టు దోస్తులను కూడా తీసుకొచ్చాడు. నా పేరు పారిశ్రామికవాడ అంతా పాకిపోతోందని నేను పొంగిపోయాను. పాకింది మంచం పేరు.

మాటలు పనిచేయనిచోట బొమ్మలు పనిచేస్తాయని ఎక్కడో చదివాను. అందుకని ఎరువుల ప్రకటనలు రాసే పెయింటర్‌తో పటాలు వేయించాను. అందులో ముఖ్యమైనది మంచుకొండ. మనసు సముద్రంలో తేలే మంచుకొండ వంటిదని, పైకి కనిపించేది కొంచెమేనని, అసలు సరుకంతా నీళ్లకింద ఉంటుందని శాస్త్రం. ఆ పెయింటర్ మంచుకొండను చూడలేదు, నేనూ చూడలేదు. అతను తను చూసిన ఐసు దిమ్మనే సిమెంటు తొట్టిలో వేసి, పైన కాస్త రంపపు పొట్టు కూడా చల్లాడు. నేను బెత్తంతో దాన్ని చూపించి ఇదే మీ మనసు అనేవాణ్ని. వచ్చినవాళ్లు తల ఊపి, ఐసు ఫ్యాక్టరీలో ఏమన్నా నౌకరీ ఉందా సార్ అని అడిగేవారు.

ఇంత సరంజామాతో నేను ఎదురుచూస్తుండగా ప్రభాకర్ వచ్చాడు.

ప్రభాకర్ వీరేశం సేటు కొడుకు. వీరేశం సేటు అంటే బజారు మధ్యలో మిరపకాయలు, చింతపండు, బెల్లం దుకాణం. పొద్దున షట్టర్ ఎత్తడం, రాత్రి దించడం తప్ప మధ్యలో ఆ షట్టర్ కదలడం బజారులో ఎవరూ చూడలేదు. పండగైనా గల్లాపెట్టె ముందే కూర్చునేవాడు. కొడుక్కు ముప్ఫై దాటాయి, పెళ్లయింది, బిడ్డ ఉంది, పురిటికి వెళ్లిన భార్య పుట్టింట్లో ఉంది. కానీ తండ్రి ముందు నోరు తెరిస్తే ఎక్కిళ్లు. మామూలు ఎక్కిళ్లు కావు. మనిషి కుర్చీతో సహా కదిలిపోయేవాడు. తండ్రి లేనిచోట హాయిగా మాట్లాడతాడు, తండ్రి నీడ పడితే చాలు ‘నాయినా’ అనేలోపే మొదలు. నీళ్లు తాగించారు, చక్కెర తినిపించారు, వీపు మీద చరిచారు, పెద్దాసుపత్రిలో సూదులు వేయించారు. తగ్గలేదు.

ఆ ఎక్కిళ్లతో అతనికి వచ్చిన చిక్కు ఇది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీలకు వెళ్లే రోడ్డు మీద ఒక దుకాణం మడిగ ఖాళీ అయింది. అందులో గమ్ బూట్లు, చేతి తొడుగులు, హెల్మెట్లు, కళ్లద్దాలు, తాళ్లు అమ్మే దుకాణం పెట్టాలని ప్రభాకర్ ఆశ. ఎన్నాళ్లనుంచో ఆ కలే. మడిగ ఓనరు ఆదివారం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత సారా దుకాణంవాడికి ఇచ్చేస్తాడు. ఆదివారంలోగా తండ్రిని అడిగి ఒప్పించాలి. అడగడానికి నోరు లేవదు.

“సార్, మిరపకాయలు జోకుకుంట నా బతుకు మొత్తం దుమ్ముల పోతది. జెర మీరే ఏదన్న జెయ్యాలె” అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి మిరపకాయల వల్ల కాదు.

నాకు నిజంగానే జాలేసింది. జాలితోపాటు నోరూరింది, అది కూడా చెప్పేస్తున్నాను. తండ్రి, కొడుకు, నోరు లేవని భయం, ఇది అచ్చం పుస్తకంలో ఉన్న జబ్బు. కొడుకు మనసులో తండ్రి గద్దె వేసుకుని కూర్చుంటాడని, ఆ తండ్రిని మనసులోనే అంతం చేస్తే తప్ప కొడుకు పెద్దవాడు కాడని గడ్డం డాక్టరు గారి మతం. నేను ఈ ముక్క చెప్పేసరికి ప్రభాకర్ లేచి నిలబడ్డాడు.

“మనసులో ప్రభాకర్ గారూ, మనసులో మాత్రమే” అని కూర్చోబెట్టాను. ఆ రోజుల్లో నేను గదిలో పుస్తకాల తెలుగే మాట్లాడేవాణ్ని. మా ఊరి మాట మాట్లాడితే బర్రెలు వెతికేవాడినే అనుకుంటారని భయం.

ముందు ఒక ఫోటో తెమ్మన్నాను. చెల్లెలి పెళ్లి ఆల్బమ్‌లోంచి తండ్రి ఫోటో ఒకటి పీక్కొచ్చాడు. దాన్ని బల్ల మీద నిలబెట్టి, ఇప్పుడు మీ నాన్నగారితో చెప్పుకోండి అన్నాను. ప్రభాకర్ ఫోటో వైపు చూశాడు. ఫోటో ప్రభాకర్ వైపు చూసింది. ఎక్కిళ్లు మొదలయ్యాయి. అగ్గిపెట్టెంత ఫోటోకే బల్ల మీది సిరాబుడ్డి ఎగిరిపడింది.

“నాయిన నన్నే సూస్తున్నడు సార్” అన్నాడు, కాస్త ఊపిరి చిక్కాక.

అప్పుడే నా బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపాన్ని అక్కడే ఎవరైనా ఊదేసి ఉంటే బాగుండేది. ఫోటోలోని తండ్రి ఇంకా గద్దె మీదే ఉన్నాడు, దింపాలి. మన దగ్గర ఒక మనిషి ఇక లేడని కంటికి చూపించడానికి ఏం చేస్తారు? ఫోటోను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, బొట్టు పెట్టి, దండ వేస్తారు. చిన్నపిల్లవాడు చూసినా అర్థమవుతుంది. దీనికి మించిన బొమ్మ పాఠం ప్రపంచంలో ఉంటుందా? వియన్నాలో ఈ సౌకర్యం లేక పాపం ఆ డాక్టరు గారు ఏళ్లకేళ్లు కష్టపడ్డాడు.

ప్రభాకర్ బతికున్న మనిషికి దండేస్తే పాపం తగులుతుందన్నాడు. పటాన్‌చెరు మడిగ సంగతి గుర్తుచేశాను. తలుపు మూసి చేద్దామని, పురుగుకు కూడా తెలియొద్దని ఒప్పుకున్నాడు. తల్లీతండ్రీ జహీరాబాద్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లారని, మనుమరాలి చెవులు కుట్టించి ఆదివారం పొద్దున్నే వస్తారని, శనివారం చేస్తే మంచిదని తనే ముహూర్తం చెప్పాడు. రహస్యం మా వృత్తికి ప్రాణమని నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

ఆ రహస్యమే కొంప ముంచింది.

ఫోటో పెద్దది చేయించడానికి బజారులోని యాదగిరి స్టూడియోకి వెళ్లాను. యాదగిరి ఫోటో చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

“గీయిన మన వీరేశం సేటు గదా సార్. మొన్ననే జహీరాబాద్ బస్సెక్కుతుంటె సూసిన. మంచిగనే ఉండె. ఏమైంది?”

ఫోటో ఎందుకని కూపీ లాగుతున్నాడనుకున్నాను. ముఖం గంభీరంగా పెట్టి, “వివరాలు నేను చెప్పకూడదు యాదగిరి గారూ” అన్నాను.

“ఇంట్లోళ్లకు ఎరికేనా?”

“ప్రభాకర్ గారికి ఒక్కరికే తెలుసు. వాళ్ల అమ్మగారికి ఇప్పుడే తెలియకూడదు. మీరూ ఎవరితోనూ అనకండి. శనివారం పొద్దున్నే కావాలి, గోడకు పెట్టేంత సైజు.”

యాదగిరి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నొక్కాడు. కళ్లు ఎర్రబడ్డాయి. ఫోటోలు కడిగే మందు కళ్లలో పడిందేమో అనుకున్నాను. మనుషుల ముఖాలు చదవడంలో నాకు ఎమ్మే ఉందని మీకు ఇదివరకే చెప్పాను.

శనివారం పొద్దున ఫ్రేము తెచ్చుకున్నాను. యాదగిరి అడగకుండానే మంచి నల్ల ఫ్రేము కట్టి, కింద సన్నటి వెండి గీత వేసి ఉంచాడు. దారిలో బంతిపూల దండ, అగరొత్తులు కొన్నాను. పూలమ్మ దండ ఏ కొలతకు అని అడిగితే చంకలోని ఫ్రేము చూపించాను. బజారు నడిమధ్యలో, పట్టపగలు, వీరేశం సేటు ముఖానికి దండ కొలిపించుకుని నేను చాలా రహస్యంగా గదికి వెళ్లాను.

గోడకున్న మంచుకొండను తీసేసి ఆ మేకుకే సేటును తగిలించాను. బొట్టు పెట్టి, దండ వేసి, అగరొత్తులు వెలిగించాను. ప్రభాకర్ దుకాణం షట్టర్ దించి, స్కూటర్ మీద వచ్చి, మెట్లెక్కి తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు.

ఎక్కిళ్లు రాలేదు. ఏడుపు వచ్చింది. చాప మీద కూలబడి చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నేను అగరొత్తుల పొగలో నిలబడి మహానందంగా చూస్తున్నాను. కింద ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మిషన్ల చప్పుడు ఆగిపోయింది. మా వైద్యానికి ఇబ్బంది కాకూడదని ఆపారనుకున్నాను.

కళ్లు మూసుకుని మనసులోది చెప్పుకోమన్నాను. ప్రభాకర్ కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. చిన్నప్పుడు గల్లాపెట్టె దగ్గర తిన్న దెబ్బల నుంచి, ఆ గల్లా తాళంచెవి ఒక్కసారైనా చేతికివ్వని సంగతి దాకా, కట్ట తెగిన చెరువులా మాటలు. ఒక్క ఎక్కిలి లేదు. బయట వరసగా షట్టర్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. మధ్యాహ్నం భోజనాలకేమో, ఇవాళ అందరికీ తొందరగా ఆకలేసినట్టుంది అనుకున్నాను.

కింద ఏం జరిగిందో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. యాదగిరి ఎవరితోనూ అనలేదు, తన భార్యతో తప్ప. ఆమె కూడా ఎవరితోనూ అనలేదు, పక్కింటివాళ్లతో తప్ప. అయినా ఎవరూ నమ్మలేదట. శనివారం పూలమ్మ నన్ను చూసింది. తర్వాత, ఎన్నడూ మూయని షట్టర్ గిరాకీ వేళకు దిగింది. ఇంటికి తాళం. ప్రభాకర్ స్కూటర్ నా మెట్ల కింద. పైనుంచి ఏడుపు. ఇక నమ్మక ఏం చేస్తారు? జహీరాబాద్‌లోనే జరిగింది, శవం రావాల్సి ఉంది, కొడుకు బరువు దింపుకోవడానికి ఆ సార్ దగ్గర కూర్చున్నాడు అని తేల్చేశారు.

తలుపు మెల్లగా తెరుచుకుంది. బజారు పెద్దలు చెప్పులు విడిచి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ఫోటోకు దండం పెట్టి ప్రభాకర్ వెనక చాప మీద కూర్చున్నారు. నాకేమీ అర్థం కాలేదు. నా వైద్యం చూడటానికి వచ్చారని ఒక క్షణం అనుకున్నాను, మీరు నవ్వితే నవ్వండి. కళ్లు మూసుకుని మాట్లాడుతున్నవాణ్ని మధ్యలో కదిలించకూడదని పుస్తకంలో ఉంది. అందుకని పెదవుల మీద వేలు పెట్టి అందరికీ సైగ చేశాను. వాళ్లు తలలు వంచారు. చావింట్లో ఉండాల్సిన మర్యాద అంతా ఆ గదిలో ఉంది, చావు ఒక్కటే తక్కువ.

వాళ్లలో నాగభూషణం సేటు ఉన్నాడు. వీరేశం సేటు దుకాణానికి సరిగ్గా ఎదురు దుకాణం ఆయనది. ఎండకు కట్టుకునే పరదా విషయంలో ఎప్పుడో గొడవపడి, ఇద్దరూ ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోకుండా వ్యాపారం చేశారు. ఆయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కుమిలిపోతున్నాడు. “నాతోని మాట్లాడకుంటనే పోయిండు” అని పక్కాయనతో గొణుగుతున్నాడు.

ఇక అసలు మనిషి సంగతి. వీరేశం సేటు ఆదివారం దాకా గల్లాపెట్టెను విడిచి ఉండలేక, భార్యను కూతురి దగ్గర వదిలి శనివారమే బస్సెక్కాడు. స్టాండులో దిగి నడుచుకుంటూ వస్తే బజారంతా బంద్. ఎవరు పోయారని కొత్తగా వచ్చిన చాయ్ బండి అతన్ని అడిగాడు. ఎవరో పెద్ద సేటట, టైపు చెప్పే ఇన్‌స్టిట్యూట్ మీద పెట్టారట, అందరూ అక్కడికే పోతున్నారు అని అతను చెప్పాడు. బజారు బంద్ పెట్టేంత పెద్దమనిషి పోతే చూడకుండా ఇంటికెలా పోతాడు? ఉత్త చేతులతో ఎలా పోతాడు? తెచ్చిన దండలన్నీ అమ్ముడుపోయి పూలమ్మ ఇంకొన్ని పూల కోసం వెళ్లింది కనుక, తనను ఎరగని ఆమె కూతురు అప్పుడే కట్టిన బంతిపూల దండ ఒకటి బేరమాడి కొన్నాడు. దండ చేత్తో పట్టుకుని నా మెట్లెక్కి, చెప్పులు విడిచి, అందరి వెనక కూర్చున్నాడు.

పోయినాయన ఎవరని ముందు కూర్చున్నతన్ని మెల్లగా అడిగాడట. అతను వెనక్కి తిరక్కుండానే గోడ వైపు వేలు చూపించాడు. వీరేశం సేటు గోడ వైపు చూశాడు.

ఆయన ఆ క్షణంలో అరిచి ఉంటే కథ అక్కడే అయిపోయేది. అరవలేదు. ఎందుకంటే ముందు కూర్చున్న కొడుకు, ఎక్కిలి లేకుండా మాట్లాడుతున్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన ఆ గొంతును అంతసేపు వినలేదు.

“నాయినా, నేను నీ పేరు చెడగొట్ట. పటాన్‌చెరుల దుకాణం పెట్టుకుంట. గమ్ బూట్లు, గ్లౌజులు అమ్ముకుంట. ఫ్యాక్టరీలు పెరుగుతున్నయ్, గిరాకీ ఉంటది. నువ్వు సరే అంటె సాలు నాయినా” అంటున్నాడు ప్రభాకర్.

“పటాన్‌చెరుల ఏ తాన?” అని వెనకనుంచి ఒక గొంతు అడిగింది.

“పెద్ద రోడ్డు మీదనే, బస్సులు ఆగే తాన” అన్నాడు ప్రభాకర్, కళ్లు మూసుకునే.

“సరుకు ఎక్కడికెల్లి తెస్తవ్?”

“హైదరాబాద్‌కెల్లి. మాట్లాడిపెట్టిన.”

నేను గాల్లో తేలిపోతున్నాను. మనసులోని తండ్రి బయటికి వచ్చి కొడుకుతో సంభాషిస్తున్నాడు, ఇది పుస్తకంలో కూడా లేదు, నేనే రాయాలి అనుకుంటున్నాను. అంతలో నాగభూషణం సేటు ఆ గొంతు గుర్తుపట్టి వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు కూర్చున్నచోటనే నా నవారు మంచం కిందికి సగం దూరిపోయాడు. గదిలో సగం మంది గోడకు అంటుకున్నారు, మిగతావాళ్లు మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడ్డారు. ప్రభాకర్ కళ్లు తెరిచాడు. గోడ మీద ఒక తండ్రి, గుమ్మం దగ్గర ఒక తండ్రి. ఇద్దరికీ దండలున్నాయి, ఒకరికి మెడలో, ఒకరికి చేతిలో.

పాత ఎక్కిళ్లన్నీ వడ్డీతో తిరిగొచ్చాయి. మనిషి చాప మీద ఎగిరెగిరి పడుతున్నాడు.

వీరేశం సేటు లేచి ముందుకు వచ్చాడు. నా వైపు చూడలేదు. ఫోటో వైపు కూడా చూడలేదు. కొడుకు ముందు నిలబడి చాలా మెల్లగా అడిగాడు.

“నేను సస్తెగాని నీ నోరు లేవదా బిడ్డా?”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. ఇంతకాలం నేను ఆటలాడుకుంది ఒక బొమ్మతో కాదని, ఇద్దరు మనుషులతోనని నాకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

ప్రభాకర్ ఏదో చెప్పబోయాడు. ఎక్కిళ్లు చెప్పనివ్వలేదు. ముసలాయన నా కుర్చీ లాక్కుని, తన ఫోటో కింద కూర్చున్నాడు. చేతిలో ఉన్న దండను తీసి తన మెడలో తనే వేసుకున్నాడు.

“ఇగో, ఏసుకున్న. పోయిన అనుకో. ఇగ చెప్పు” అన్నాడు.

ప్రభాకర్ నోరు తెరుచుకుని చూశాడు. పెద్ద ఎక్కిలి ఒకటి వచ్చింది. ఆ తర్వాత చిన్నది. ఆ తర్వాత రాలేదు. తండ్రి మోకాలు పట్టుకుని మడిగ సంగతి, ఆదివారం గడువు, గమ్ బూట్లు, అన్నీ మొదటినుంచి మళ్లీ చెప్పాడు. మెడలో బంతిపూల దండతో ఆయన ప్రతిదానికీ తల ఊపుతూ విన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయని చెప్పడానికి నాకేమీ నామోషీ లేదు. అక్కడ ఏడవనిది ఒక్క ఫోటోనే.

చివరికి ఆయన లేచి, నడుంలోంచి గల్లా తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టి, “ముందుగాల పోయి షట్టర్ లేపు. గిరాకీ టైముల దుకాణం బంద్ వెడితివి, గది జెప్పు” అన్నాడు. మంచం కిందున్న నాగభూషణం సేటును చెయ్యి పట్టి బయటికి లాగాడు. ఆయన చెంపల మీద తడి చూశాడు. “ఏడ్సినవ్ గదా, చాయ్ తాగి పో” అన్నాడు. ఏళ్ల తర్వాత ఇద్దరి మధ్యా అదే మొదటి మాట.

అప్పుడు నా వైపు తిరిగాడు.

“సార్, ఇదంత నీ వైద్యమేనా?”

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. గడ్డం డాక్టరు, మనసులోని గద్దె, మంచుకొండ. నోరు తెరిచాను. ఎక్కిలి వచ్చింది. మళ్లీ తెరిచాను, మళ్లీ వచ్చింది. ‘తప్పైంది సేటూ, మాఫ్ జెయ్యి’ అని ఎలాగో మా ఊరి మాటలో కూడబలుక్కున్నాను. వీరేశం సేటు నా వీపు మీద ఒక్కటి చరిచాడు. అది ఎక్కిళ్ల కోసమా, ఇంకో దానికోసమా అనేది నేనింతవరకు తేల్చుకోలేదు. వెళ్తూ వెళ్తూ గోడ మీది ఫోటో తీయించి చంకలో పెట్టుకున్నాడు. “బిడ్డ పెండ్లిల దిగింది. అప్పుడు నాకు జరముండె, మొఖం గుంజుకపోయింది. ఇంకొకటి మంచిది దిగి ఇస్త, ఫ్రేము మాత్రం మంచిగున్నది” అన్నాడు.

బజారువాళ్లు నన్ను కొట్టకపోవడానికి కారణం నాగభూషణం సేటే. ఇలా ఉత్తుత్తి చావు వార్త పుడితే ఆయుష్షు పెరుగుతుందని ఆయన అందరికీ చెప్పాడు. దాంతో వచ్చిన తంటా వేరు. తర్వాతి వారం ఒక కోడలు అత్త ఫోటో తెచ్చి, దండ మీరే వేయాలి సార్ అంది. ఆయుష్షు కోసమా, నోరు లేవడం కోసమా అని అడిగితే, ఏదైనా సరే, ముందు వేయండి అంది. తలుపు వేసుకున్నాను.

పటాన్‌చెరు దుకాణం తెరిచారు, ప్రారంభానికి పిలిచి నన్నూ గ్రూపు ఫోటోలో నిలబెట్టారు. గమ్ బూట్లు బాగా పోతున్నాయని విన్నాను. నా పరిస్థితి మాత్రం రోజురోజుకీ దిగజారింది. కాజీపల్లి నుంచి, పటాన్‌చెరు నుంచి వచ్చేవాళ్లు క్రమంగా మానేశారు. సాయిలు కూడా రాలేదు. మంచం ఖాళీగా ఉంటే నేనే పడుకునేవాణ్ని. ఇంత గొప్పగా ఒక జబ్బు నయం చేస్తే జనం ఎందుకు రావడం లేదో అంతుపట్టక, ఒకరోజు బస్సెక్కి ప్రభాకర్ దుకాణానికి వెళ్లాను.

గుమ్మంలోకి అడుగుపెడుతూనే ఎదురు గోడ మీద నన్ను నేను చూసుకున్నాను. పెద్ద సైజు. యాదగిరి పనితనం, నల్ల ఫ్రేము, కింద వెండి గీత. నుదుట బొట్టు. మెడలో నిండుగా బంతిపూల దండ. పక్కన అగరొత్తులు.

ప్రభాకర్ పరుగున వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. “నాకు నోరిచ్చిన గురువు మీరు సార్. ప్రారంభం నాటి గ్రూపు ఫోటోలకెల్లి మిమ్మల్ని ఒక్కరినే తీపిచ్చిన. దండ రోజూ మారుస్తున్న” అన్నాడు. గొంతులో ఎంత గౌరవం ఉందంటే, కాదనడానికి నాకు నోరు లేవలేదు.

ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లందరూ గమ్ బూట్లకు వచ్చేది అక్కడికే. అందరూ ఆ ఫోటో చూసి, అయ్యో పాపం అనుకుని, ఇంటికి వెళ్లేవారట.

అంతలో వెనక దబ్బుమని ఏదో కిందపడింది. చూస్తే గమ్ బూట్ల జత వదిలేసి సాయిలు నిలబడి ఉన్నాడు. గోడ మీద నన్ను, గుమ్మంలో నన్ను మార్చిమార్చి చూశాడు. తేరుకోవడానికి కాస్త టైము పట్టింది. తేరుకున్నాక కూడా నేను బతికున్నందుకు సంతోషం అతని ముఖంలో నేను ఆశించినంత కనిపించలేదు.

“మీరు పోయిండ్రనుకున్న సార్” అన్నాడు. కొంచెం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. “ఆ మంచం ఎవరికన్న ఇచ్చేసిండ్రా?”

కాబట్టి ఇందుమూలముగా సమస్త ప్రజానీకానికి నేను విన్నవించుకునేది ఏమనగా, ఇక ఈ జన్మలో ఎవరి తండ్రినీ, ఎవరి మనసులోనూ, ఏ రకంగానూ అంతం చేయను. బతికున్న మనిషి ఫోటో ముట్టుకోను. బంతిపూల దండ కొనను, పెళ్లికి వెళితే గిన్నె పట్టుకెళతాను. ఈ మాట తప్పితే మళ్లీ ఆ మంచుకొండ పటం కిందనే కూర్చుని బర్రెలు వెతుకుతాను.

ఈ జ్ఞాపకం పక్కన వేయడానికి నా ఫోటో ఒకటి పంపమని సంపాదకుడు గారు అడిగారు. అప్పటినుంచి నాకు ఎక్కిళ్లు ఆగడం లేదు. పంపలేదు.